దేవుని గదిలో సర్వర్

నాగశ్రీకి కాలు ఒకచోట నిలవదన్న సంగతి కోయిలకుంట్ల బజారువీధిలో అందరికన్నా ఆఖరున తెలిసింది ఆమె మొగుడికే. పెళ్లిచూపుల్లో అరగంట సేపు తల వంచుకుని కూర్చున్న పిల్లను చూసి రాఘవేంద్రప్రసాద్ ఈమె నెమ్మదస్తురాలు కాబోలనుకున్నాడు. ఆ అరగంటలో ఆమె చాప అంచున పోగులు లాగి పదిహేను ముడులు వేసిందని ఎవరూ గమనించలేదు. చాప వాళ్లదే కాబట్టి ఎవరూ అడగనూ లేదు.

ఆమెది కర్నూలు. డిగ్రీ కాగానే ఊళ్లో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో రెండేళ్లు పాఠాలు చెప్పింది. బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతూ చేసే పని కాబట్టి ఆమెకు బాగా నప్పింది. ఇరవై నాలుగో ఏట కోయిలకుంట్లలో శనగల వ్యాపారం చేసే రామకోటయ్య ఇంటికి కోడలిగా వచ్చింది. ముందు అంగడి, వెనక ఇల్లు, మిద్దె మీద ఒక గది. అత్త రాజ్యలక్ష్మమ్మ నడుముకు బీగంచెవుల గుత్తి. ఆ ఇంట్లో పనికి లోటు లేదు, కానీ అవేవీ నాగశ్రీ మనసు నిలిచే పనులు కావు. మొదటి ఏడు కుట్టుమిషను నేర్చుకుంది. రెండో ఏడు హిందీ పరీక్షలకు కట్టింది. తర్వాత చీరల మీద పూలు వేయడం మొదలుపెట్టింది. సగం పూలతో ఆగిపోయిన నీలం చీర ఒకటి ఇప్పటికీ బీరువాలో ఉంది.

"మొదలుపెట్టేది నువ్వు, మడిచిపెట్టేది నేను," అనేది రాజ్యలక్ష్మమ్మ. ఎత్తిపొడుపే కానీ అబద్ధమేమీ కాదు.

డీటీపీ పని ఒక్కటే మడతపడలేదు. మిద్దె మీద గదిలో ఒక కంప్యూటర్ పెట్టి పెళ్లికార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు కంపోజు చేయడం మొదలుపెట్టింది. నాలుగేళ్లలో కంప్యూటర్లు మూడయ్యాయి. ఆడబిడ్డ శ్రీవాసవి డిగ్రీ చదువు ముగించి రెండో మిషను ముందు కూర్చుంది. రాఘవేంద్రప్రసాద్ కూడా మధ్యాహ్నాలు అంగడి తండ్రికి వదిలేసి మిద్దె ఎక్కేవాడు. రామకోటయ్యకు మాత్రం ఆ గది మీద కన్ను ఉండనే ఉంది. గోడౌనులో చెమ్మ. విత్తనం శనగలకు మిద్దె మీద గదిలాంటి పొడి చోటు ఊళ్లో లేదని ఆయన నమ్మకం.

2005 ఎండాకాలంలో ఆయనకు ఒక సందు దొరికింది. ఉయ్యాలవాడ నుంచి వచ్చిన ఒక పెళ్లికార్డులో పెళ్లికూతురి తాత పేరు ముందు పొరపాటున 'కీర్తిశేషులు' అని పడింది. శ్రీవాసవి దాన్ని చూసి సరిదిద్దింది. సరిదిద్దిన ఫైలు ఆమె మిషన్లో ఉండిపోయింది, దిద్దనిది ఫ్లాపీలో ప్రెస్సుకు పోయింది. ఐదు వందల కార్డులు ఊరూరా పంచాక పెద్దన్న అనే ఆ తాతే స్వయంగా బస్సు దిగి, అంగడి అరుగు మీద కూర్చుని, కార్డు తీసి చూపించాడు.

"ఏమప్పా రామకోటయ్యా, నేను పోయినట్ల నాకొక మాట చెప్పకపోతిరే."

పెద్దన్న నవ్వుతూనే అన్నాడు. రామకోటయ్య నవ్వలేదు. ఆ సాయంత్రం కొడుకునూ కోడలినీ పిలిచి, ఇంకొక్క తప్పు జరిగితే గది ఖాళీ చేయమని చెప్పేశాడు. రాఘవేంద్రప్రసాద్ తల ఊపాడు. నాగశ్రీ కొంగు అంచు వేలికి చుట్టి విప్పి మళ్లీ చుట్టింది. గది పోతే ఆమె పగళ్లు ఎట్లా గడుస్తాయో ఊహించుకుంటేనే భయం వేసింది.

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, కార్డులు లేవు. నాగశ్రీ కాలుగాలిన పిల్లిలా మెట్లు ఎక్కీ దిగీ నాలుగు రోజులు తిరిగింది. ఐదో రోజు ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ చేతికి తగిలింది. లైనక్స్. దాంతో ఇంట్లోనే డొమైన్ సర్వర్ పెట్టుకోవచ్చని పత్రికలో ఎనిమిది పేజీల వ్యాసం. ఫైళ్లన్నీ ఒక్క కంప్యూటర్లోనే ఉంటాయి. ఎవరు ఏ మిషను ముందు కూర్చున్నా తమ పేరూ పాస్‌వర్డూ కొట్టి, వాటినే తెరిచి, అక్కడే దిద్దాలి. అప్పుడు దిద్దింది ఒకచోట, దిద్దనిది ఒకచోట ఉండే ముచ్చటే లేదు. వ్యాసం మూడుసార్లు చదివి, మూలన పడి ఉన్న పాత మిషను దుమ్ము దులిపింది.

ఆ మధ్యాహ్నమే కర్నూలు నుంచి ఫోను వచ్చింది. పాత శిక్షణ కేంద్రం వాళ్లు. పాఠాలు చెప్పేవాళ్లందరి మీద పెద్దగా ఆమెను రమ్మన్నారు. వారానికి ఐదు రోజులు అమ్మగారింట్లో ఉండి శని, ఆదివారాలు రావచ్చని నాగశ్రీ ఫోను పెట్టకముందే లెక్క వేసేసుకుంది.

"ఇంటి కోడలు వారానికి ఐదు దినాలు పుట్టింట్లో ఉంటే ఊళ్లో ఏమనుకుంటారు?" అన్నాడు రామకోటయ్య.

"చూస్తాంలే నాయనా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. ఆ ఇంట్లో చూస్తాంలే అంటే లేదని అర్థం. రాజ్యలక్ష్మమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు.

నాగశ్రీ మిద్దె ఎక్కింది. పాత మిషన్లో లైనక్స్ ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట ఆగి, పెద్ద పాస్‌వర్డ్ ఒకటి పెట్టమంది. మిగతా తాళాలన్నిటినీ తెరిచేది అదే, దాన్ని ఎవరికీ చెప్పకూడదు. ఆమె ఒళ్లు మండుతూ ఉంది. మనసులో ఉన్నదే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. వెళ్లిపోతా. పది అక్షరాలు. తెర మీద చుక్క కూడా పడలేదు. మళ్లీ కొట్టమంది. మళ్లీ కొట్టింది. అప్పుడు తీసుకుంది. ఆ ఇంట్లో ఆమె మాటను రెండోసారి చెబితేనైనా విన్నది ఆ యంత్రమొక్కటే.

తర్వాత మూడు వారాలు ఆమెకు వేరే లోకం లేదు. మూడు మిషన్లలో రెండు బుద్ధిగా సర్వర్‌కు లొంగాయి. మూడోది ఎన్నిసార్లు అడిగినా డొమైను దొరకలేదనే చెప్పింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కూడా దాని గురించే ఆలోచించేది, సగంలో లేచి చేయి కడుక్కుని పైకి పరిగెత్తేది. ఎనిమిదో రోజున చూస్తే తప్పు సర్వర్‌ది కాదు, ఆమె చేత్తో బిగించిన తీగ కొనలో రెండు రంగులు తారుమారయ్యాయి. తన తలను తానే ఒకటి మొట్టుకుని మళ్లీ బిగించింది. మిషను లొంగింది.

అప్పుడు ఇంట్లో వాళ్లకు పేర్లూ పాస్‌వర్డ్లూ, సొంత ఫైళ్లకు తలా ఒక అరా పెట్టించడం మొదలైంది. ఒకరు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు పక్కవాళ్లు తల అటు తిప్పుకోవాలని ఆమె నియమం పెట్టింది. శ్రీవాసవి పకపకా నవ్వింది. రాఘవేంద్రప్రసాద్ గోడ వైపు తిరిగి బడిపిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు. రామకోటయ్యకు మాత్రం ఇది నచ్చలేదు. ఎవరి అర వాళ్లకు, ఎవరి బీగం వాళ్లకు అంటే వేరుపడినట్టే కదా అని ఆయన బాధ.

"ఒకే ఇంట్లో మొగుడూ పెండ్లాలకు రెండు బీగాలు ఏందమ్మా? ఎవురన్నా వింటే నగుతారు."

"నా నడుముకు పదునాలుగు ఉండాయి. ఇన్నేండ్లూ ఎవురూ నగలేదే," అంది రాజ్యలక్ష్మమ్మ. ఆయన అంగడిలోకి పోయాడు.

ఇక సర్వర్‌ను ఎక్కడ పెట్టాలన్నదే మిగిలింది. కరెంటు పోయినా అది ఆగకూడదు. మిద్దె మీదకు ఇన్వర్టరు లైను లేదు. కింద హాల్లో ఒకే ప్లగ్గు, అది టీవీది. దాని జోలికి వెళ్లే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మిగిలింది దేవుని గది. అక్కడ సుప్రభాతం టేపురికార్డరు కోసం పెట్టిన ప్లగ్గు పొద్దున ఒక గంట తప్ప ఖాళీగానే ఉంటుంది.

"ఏం పేరు దానిది?" అని అడిగింది అత్త.

"ఫైళ్లు ఇచ్చేదాని పేరు సాంబా, అత్తా."

"సాంబుడైతే ఉండనీలే," అందామె. అంత అమాయకురాలేమీ కాదు, కోడలి తిప్పలు చూసి ఒప్పుకుంది. మర్నాడు చూస్తే డబ్బా నెత్తిన కుంకుమబొట్టు ఉంది. దాని పక్కన పాత మానిటరు, కీబోర్డు, వాటి మీద ఒక పట్టుగుడ్డ ముక్క.

నెలలో ఆ మూడు రోజులు నాగశ్రీ వంటింటి గడపా, దేవుని గది గడపా తొక్కేది లేదు. ఆ ఇంట్లో అది మారని పద్ధతి. మిద్దె మీద మిషన్లకు మాత్రం మైల లేదని రాజ్యలక్ష్మమ్మే ఒకసారి తేల్చింది, పెళ్లికార్డుల గిరాకీ తలకు మించిన ఒక మాఘమాసంలో. సర్వర్ దేవుని గదిలో పెట్టేటప్పుడు నాగశ్రీకి ఈ సంగతి గుర్తుకు రాక కాదు. దాన్ని చేత్తో ముట్టుకునే పనే పడదని, ఏది కావాలన్నా మిద్దె మీద నుంచే చేయవచ్చని ఆమె ధీమా. నిజంగానే రోజుకు రెండు మూడుసార్లు పైనుంచే దాంట్లోకి వెళ్లేది. ఆ పది అక్షరాలూ టకటకా కొట్టి, పని చూసుకుని, కిందికి దిగి అందరికీ అన్నాలు వడ్డించేది.

రెండు నెలలు ఒక్క తప్పు పోలేదు. ఆశ్వయుజంలో పెద్ద పని వచ్చింది. కార్తీకంలో, నంద్యాలలో వైశ్యుల వనభోజనాల రోజున పెళ్లి సంబంధాల పరిచయ పుస్తకం పంచుతారు. నాలుగు వందల పన్నెండు మంది పిల్లల పేర్లు, గోత్రాలు, నక్షత్రాలు, చదువులు, ఫొటోలు. రామకోటయ్యకు ఆ సంఘంలో అందరూ బంధువులే, తప్పు పడితే ఆయన పరువే పోతుంది. గొంతు పెంచకుండానే చెప్పాడు.

"ఇది సరిగ్గా జరిగితే గది మాట నేనెత్తను. తప్పితే మాత్రం సోమవారానికి బస్తాలు పైకెక్కుతాయి. అంతే."

ముగ్గురూ నెల రోజులు కొట్టారు. ఎవరి మిషన్లోనూ ఒక్క ఫైలు కూడా దాచుకోకూడదని నాగశ్రీ కచ్చితంగా చెప్పింది. ఉంటే సర్వర్‌లో ఉండాలి, లేకుంటే లేదు. సీడీ మీద ఒక నకలు తీసి పెట్టింది కానీ అది మూడు వారాల కిందటిది. రేపు తీస్తా, ఎల్లుండి తీస్తా అనుకుంటూ వచ్చింది.

ఆదివారం వనభోజనాలు. మంగళవారం సాయంత్రం ఏడింటికి నంద్యాల ప్రెస్సులో అచ్చుకు ఫిలిం తీయాలి. ఆ పొద్దున రాఘవేంద్రప్రసాద్, శ్రీవాసవి ప్రూఫులు తీసుకుని ప్రెస్సుకు వెళ్లారు. మిగిలిన దిద్దుబాట్లు ఫోనులో చెబితే ఇంట్లో నాగశ్రీ చేసి, ఫైళ్లు సీడీలో కాల్చి, ఐదు గంటల బస్సు డ్రైవరు చేతికి ఇవ్వాలి. బస్టాండులో వాళ్లు అందుకుంటారు. నాగశ్రీకి అది రెండో రోజు.

పదకొండున్నరకు దిద్దుబాట్లన్నీ అయ్యాయి. భోజనం చేసి సీడీ కాలుద్దామని లేచింది. పన్నెండుకు కరెంటు పోయింది.

రోజూ రెండింటికి పోయి మూడింటికి వచ్చే కరెంటు అది, ఆ రోజు ముందే పోయింది. ఒంటిగంటకు రాలేదు. రెండింటికి రాలేదు. నాగశ్రీ మెట్లు దిగి వీధిలోకి చూసి వచ్చింది, కరెంటు వీధిలో నడిచి వస్తుందన్నట్టు. మూడింటికి సబ్‌స్టేషనుకు ఫోను చేస్తే మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. దేవుని గదిలో సర్వర్ గుయ్యిమంటున్నంత సేపూ ఆమెకు కొంత ధైర్యం ఉంది. మూడున్నరకు ఇన్వర్టరు కుయ్ కుయ్‌మని అరిచి ఆరిపోయింది. హాల్లో ఫ్యాను నిలిచింది. దాంతోపాటే ఆ గుయ్యి కూడా.

నాలుగింటికి పది నిమిషాలుండగా కరెంటు వచ్చింది. నాగశ్రీ రెండేసి మెట్లు ఎక్కి మిషను పెట్టింది. తన పేరు కొట్టింది. డొమైను దొరకలేదంది. రెండో మిషనూ అదే మాట. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టింది. ఆ ఐదు నిమిషాల్లో గోళ్లు మూడు కొరికేసింది. మళ్లీ అదే మాట. నాలుగు వందల పన్నెండు మందీ ఆ డబ్బాలో ఉన్నారు, డబ్బా పలకడం లేదు.

కిందికి వచ్చి దేవుని గది ముందు నిలబడింది. రాజ్యలక్ష్మమ్మ సాయంత్రం దీపానికి ఒత్తులు చేసుకుంటూ ఉంది.

"అత్తా, ఆ గుడ్డ తీసి పక్కనుండే టీవీ గుండీ నొక్కండి. ఏమన్నా రాసిందేమో చూడండి."

రాజ్యలక్ష్మమ్మ ప్రొద్దుటూరు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. మందుల డబ్బాల మీద పేర్లు ఈనాటికీ కూడబలుక్కుని చదువుతుంది. కళ్లజోడు పెట్టుకుని తెర ముందు వంగింది.

"శానా రాసిందమ్మా. అడుగున జి, ఐ, వి, ఇ. దాని పక్కన ఆర్, ఓ, ఓ, టి. తర్వాత పి, ఎ, ఎస్, ఎస్..."

నాగశ్రీకి అర్థమైంది. ఉన్నట్టుండి ఆరిపోవడంతో డిస్కు దెబ్బతింది. పెద్ద పాస్‌వర్డ్ కొట్టి, ఒక ఆజ్ఞ ఇచ్చి, దాన్ని బాగు చేసుకుంటే తప్ప లేవదు. అది అక్కడే, ఆ కీబోర్డు మీదే కొట్టాలి. పైనుంచి కుదిరే పని కాదు.

"డబ్బా ఎత్తి బయట పెట్టేదా?" అంది అత్త.

"వద్దత్తా. ఆ తీగలన్నీ పీకితే ఏది యాడిదో మళ్లా కలిపేలోపల బస్సు పోతాది." అంటూనే నాగశ్రీ కాలు గడప మీదకు పోయింది. "నేనే వస్తా. ఒక్క నిమిషం. ఏమీ ముట్టుకోను, అదొక్కటే."

"కార్తీకం నాగా."

కసిరినట్టు అనలేదు. ఒత్తులు పళ్లెంలో పెట్టి, చీర సర్దుకుని, పీట లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది. "నాకూ చేతులుండాయి కదా. నువ్వు చెప్పు, నేను కొడతా. ఏం బీగం పెట్టినావు?"

అంగడిలోంచి రామకోటయ్య ఎవరితోనో బేరమాడుతున్న మాటలు వినబడుతున్నాయి. గోడ గడియారం నాలుగు దాటింది. చెప్పకపోతే పుస్తకం లేదు, గది లేదు. చెబితే ఈ మనిషి ముఖం మళ్లీ ఎట్లా చూడాలి? ఇన్నేళ్లు అన్నం పెట్టిన చేత్తోనే ఆ మాట కొట్టించాలి.

"చెప్పల్ల కదమ్మా."

"వి," అంది నాగశ్రీ.

"వి యాడుండాది?"

"కింద వరసలో, సి పక్కన. తర్వాత ఇ. పై వరసలో." గబగబా చెప్పేస్తే అక్షరాలు కలవకుండా పోతాయని ఆమె ఆశ. కానీ రాజ్యలక్ష్మమ్మ వేలు ఒక్కొక్క అక్షరానికీ కీబోర్డంతా తిరిగి వస్తూ ఉంది. "ఎల్. ఇంకోసారి ఎల్. ఐ. పి. ఓ." చివరి మూడూ గొణిగినట్టు చెప్పింది. "టి, హెచ్, ఎ. ఇప్పుడు ఆ పక్కనుండే పెద్ద గుండీ."

"ఏమీ పడలేదే?"

"పడదత్తా. అది కనపడకుండా తీసుకుంటాది."

"అయ్యో, పడలేదేమోనని నేను ఒక్కొక్కటీ రెండుసార్లు నొక్కితినే." తెర మళ్లీ మొదటి మాటే అడిగింది.

నాగశ్రీ కళ్లు మూసుకుంది. మళ్లీ చెప్పాలి. "వి..."

"ఇంగ చెప్పొద్దులే," అంది రాజ్యలక్ష్మమ్మ. వెనక్కి తిరగలేదు. "ఏం మాటో తెలిసింది."

ఆమె తనంతట తానే కొట్టింది. వేలు ఆగి ఆగి కొట్టిన పది దెబ్బలూ నాగశ్రీకి ఒకదాని వెంట ఒకటి వినబడ్డాయి. తెర తెరుచుకుంది.

"ఇప్పుడేం కొట్టల్ల?"

నాగశ్రీ ఒక్కొక్కటే చెప్పింది. ఎఫ్, ఎస్, సి, కె. కొంచెం ఎడం. అడ్డగీత ఒకటి. వై. మళ్లీ ఎడం. వాలుగీత. అటు వాలిందా ఇటు వాలిందా అని రాజ్యలక్ష్మమ్మ అడిగింది. అత్త వేలు తప్పు గీత మీదకు పోయినప్పుడు గడప ఇవతల నుంచి కోడలు గాలిలో చెయ్యి ఊపింది. ఇద్దరికీ చెమటలు పట్టాయి. పెద్ద గుండీ నొక్కాక తెర మీద వరసలు పరిగెత్తడం మొదలైంది. పది నిమిషాలు పరిగెత్తాయి. అవి ఆగాక చివరి మాట అక్షరమక్షరం చదివించుకుని, లేచి నిలబడే ఆజ్ఞ కూడా కొట్టించింది. సర్వర్ ఆరి, మళ్లీ వెలిగి, గుయ్యిమంది.

నాలుగూ ఇరవై అయిదు. నాగశ్రీ పైకి పరిగెత్తి తన పేరు కొట్టింది. ఫైళ్లు వచ్చాయి. నాలుగు వందల ఎనిమిది మంది క్షేమం, నలుగురు కనబడలేదు. కాగితాలు వెతికి ఆ నలుగురినీ మళ్లీ కొట్టింది. సీడీ కాలుతున్నంత సేపూ దాని ముందు నిలబడే ఉంది. అది బయటికి రాగానే కవరులో పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బస్టాండుకు పరిగెత్తింది. బజారువీధి వీధంతా చూసింది. బస్సు కదులుతూ ఉంటే డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి కవరు అందుకున్నాడు.

ఏడున్నరకు రాఘవేంద్రప్రసాద్ ఫోను చేసి ఫిలిం తీశారని చెప్పాడు. రామకోటయ్య విని, మంచిదేలే అన్నాడు. గది మాట ఎత్తలేదు.

నాగశ్రీ మాత్రం అత్త ఏమన్నా అంటుందని ఎదురుచూసింది. ఆ రాత్రి అనలేదు. మర్నాడూ అనలేదు. ఎప్పటిలాగే గడప ఇవతలకు పళ్లెం జరిపి, చారు పోసి, చాలా అని అడిగింది. తిట్టినా బాగుండేది. ఆ రెండు రోజుల్లో నాగశ్రీ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆమెకే తెలియదు. మొగుడికి చెప్పేసి ఉంటుందా? మామకు? ఆ ముఖంలో ఏమీ కనబడదు. కోపమో బాధో తెలిస్తే దానికి తగ్గట్టు నిలబడవచ్చు, తెలియకపోవడమే ఆమెకు నరకంగా ఉంది.

గురువారం తలస్నానం చేసి కిందికి దిగేసరికి దేవుని గది ముందు ఎలక్ట్రీషియన్ మహానంది కూర్చుని తీగ చుట్ట విప్పుతున్నాడు.

"ఇన్వర్టరు లైను నా గదిలోకి లాగమన్నా," అంది రాజ్యలక్ష్మమ్మ. "డబ్బా అక్కడికి మార్పించు. తీగలు ఏవి యాడివో నీకే తెలుసు కదా, దగ్గరుండి చూసుకో."

"దేవుని గదిలోనే బాగుండె కదత్తా?"

"దేవునికి దీపం చాలు. అది నువ్వు పోలేని చోట ఉండగూడదు."

మధ్యాహ్నానికి పని ముగిసింది. అత్త గదిలో ఇనప్పెట్టె పక్కన బల్ల మీద సర్వర్ కూర్చుంది, నెత్తిన కుంకుమబొట్టుతో సహా. మహానంది వెళ్లిపోయాడు. నాగశ్రీ తీగలు సర్దిందే సర్దుతూ ఉంది. రాజ్యలక్ష్మమ్మ మంచం అంచున కూర్చుంది.

"ఆ మాట ఎప్పుడు పెట్టినావు?"

నాగశ్రీ చేతులు ఆగాయి. "ఆషాఢంలో. కర్నూలు నుంచి ఫోను వచ్చిన దినం."

"వాళ్లు ఇంకా అడుగుతాండారా?"

"లేదత్తా. వేరేవాళ్లను పెట్టుకున్నారు."

రాజ్యలక్ష్మమ్మ నడుముకున్న గుత్తి తీసి ఒళ్లో పెట్టుకుంది. "నాదీ ఆ మాటేనమ్మా. ఇరవై ఏండ్లు లోపల పెట్టుకోనుంటి. నీకు కొట్టేదానికైనా ఒక యంత్రం ఉండాది. నాకు అదీ లేకపాయ."

నాగశ్రీ ఇన్నేళ్లూ తనొక్కతే ఆ ఇంట్లో ఊపిరాడక తిరుగుతున్నదని అనుకుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తని మనిషి గురించి ఎప్పుడూ ఆలోచించలేదని సిగ్గేసింది.

"యాడికి పోవల్లనుకున్నారు అత్తా?"

"యాడికో తెలిసింటే పోయిందును."

"నేను మార్చల్లనా దాన్ని?"

"నీ బీగం నీ ఇష్టం. నన్నెందుకు అడుగుతావు?" అని, "నాకూ ఒక పేరు పెట్టు దాంట్లో," అంది.

"మీకా? ఏం ఫైళ్లు దాచుకుంటారు?"

"ఏమీ లేవు. బీగం ఉంటే చాలు."

నాగశ్రీ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయింది. అత్త పేరు మీద ఒక అర చేసింది. తెర పాస్‌వర్డ్ అడిగింది. లేచి తన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టింది. అందరికీ నేర్పిన నియమం ప్రకారం తను గోడ వైపు తిరిగి నిలబడింది.

కీబోర్డు మీద ఒక్కొక్క దెబ్బే పడింది. వినకూడదనుకుంటూనే నాగశ్రీ లెక్కపెట్టింది. పది. యంత్రం మళ్లీ కొట్టమంది. ఈసారి ఆ వేలు ఎక్కడా వెతుక్కోలేదు. మళ్లీ పది.

"అయిపాయ," అంది రాజ్యలక్ష్మమ్మ. "ఇంగ ఈ పక్కకు తిరుగు."